ఏటి మధ్య ఊరు: వీధిలైటు ఎవరిది, పడవ ఎవరిది, వంతెన ఎవరిది?

ఒకటో తారీఖు పొద్దున్న ఆరున్నరకల్లా గ్రామ సచివాలయం అమ్మాయి అవతలి గట్టు మీద నిలబడి ఉంటుంది. భుజాన సంచి, సంచిలో పెన్షన్ డబ్బులు, చేతిలో వేలిముద్రల మిషను. అది తడవకుండా రెండు ప్లాస్టిక్ కవర్లు చుట్టి పైన రబ్బరు బ్యాండు వేస్తుంది. నావ ఇటు నుంచి వెళ్లి ఆమెను ఎక్కించుకుని రావాలి. ఒక ఆగస్టులో ఏరు పొంగి మూడు రోజులు నావ దిగలేదు, పెన్షన్ రాలేదు. మా అమ్మమ్మతో పాటు రచ్చబండ దగ్గర కూర్చున్న ముసలోళ్లంతా తిట్టింది ఎవరిని? సర్పంచిని.

పెన్షన్ పంపకంలో సర్పంచికి ఏ పాత్రా లేదు. డబ్బు రాష్ట్ర ప్రభుత్వానిది, పంచేది సచివాలయం సిబ్బంది, వాళ్ల జీతం ప్రభుత్వానిది, ఏరు దాటించే నావ దాన్ని నడిపే సరంగుది. అయినా తిట్లు సర్పంచికే పడ్డాయి. అలాగని తిట్టిన వాళ్లది తప్పని నేను అనను. ఊళ్లో కనపడే ప్రభుత్వం ఆయనే మరి, ఓటేసి గెలిపించుకున్న మనిషి కూడా ఆయనే. కాకపోతే ఎవరి చేతిలో ఏముందో తెలీకపోతే అడగాల్సిన చోట అడగకుండానే ఏళ్లు గడిచిపోతాయి. పంచాయతీ ఎన్నికల మాట వచ్చినప్పుడల్లా ‘నేను గెలిస్తే వంతెన కట్టిస్తాను’ అనే మాట కూడా వస్తుంది కాబట్టి, నీళ్ల మధ్య ఉన్న ఒక చిన్న ఊరిలో ఏ పని ఎవరిదో మొదటి నుంచీ విప్పి చూద్దామని ఇది రాస్తున్నాను.

మన దగ్గర దీవి అంటే ఏంటి

దీవి అనగానే చాలామందికి సముద్రమే గుర్తొస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు మనం చూసేవి వేరే రకం. వంశధార, నాగావళి రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసే చోట మధ్యలో మిగిలిన లంకలు, దిబ్బలు కొన్ని. ఒక వైపు ఏరు, మరో వైపు గెడ్డ (వాగు) ఉండి వానాకాలంలో రెండూ నిండితే దారి తెగిపోయే ఊళ్లు ఇంకొన్ని. ఈ రెండో రకం ఎండాకాలంలో దీవి కాదు, ఇసకలో నడిచి పోవచ్చు, ట్రాక్టరు కూడా పోతుంది. జూలై నుంచి నవంబరు దాకా మాత్రం దీవే. ఆఫీసు కాగితాల్లో ఇలాంటి ఊరు ‘రోడ్డు సౌకర్యం ఉన్న గ్రామం’ అయిపోవడం ఇక్కడి చిక్కుల్లో మొదటిది, ఎందుకంటే సర్వేకి వచ్చేది ఎక్కువగా ఎండాకాలంలోనే.

ఇంకో సంగతి. ఈ రెండు నదులూ పుట్టేది ఒడిశా కొండల్లో. మన దగ్గర ఎండ కాస్తున్నా అక్కడ వాన దంచితే ఇక్కడ ఏరు లేస్తుంది. వంశధార మీద గొట్టా బ్యారేజీ, నాగావళి మీద తోటపల్లి బ్యారేజీ, నారాయణపురం ఆనకట్ట మీదుగా ఎంత నీరు వదిలారో తెలిస్తేనే కింద ఊళ్లకి అంచనా. 2018 అక్టోబరులో తిత్లీ, 2021 సెప్టెంబరు ఆఖర్లో గులాబ్ తుపాన్లు వచ్చినప్పుడు గాలి పోయాక కూడా నీళ్ల భయం పోకపోవడానికి కారణం ఇదే. కాబట్టి నీళ్ల మధ్య ఊరికి వరద సమాచారం కూడా ఒక పౌరసేవే, మంచినీళ్లలాగే. అది వచ్చేది పంచాయతీ నుంచి కాదు, జలవనరుల శాఖ నుంచి రెవెన్యూకి, తహసీల్దారు నుంచి గ్రామ రెవెన్యూ అధికారికి (వీఆర్వోకి), అక్కడి నుంచి దండోరాకి. ఇప్పుడైతే వాట్సాప్ గ్రూపుకి.

పంచాయతీ వేరు, సచివాలయం వేరు

చదువుకున్న వాళ్లు కూడా ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

గ్రామ పంచాయతీ అంటే మనం ఓటేసి ఎన్నుకున్న పాలకవర్గం, అంటే సర్పంచి, వార్డు సభ్యులు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది, దాన్ని అనుసరించి మన రాష్ట్రంలో 1994 పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. అయిదేళ్ల పదవీకాలం, పన్ను వేసే హక్కు, తీర్మానం చేసే హక్కు, ఖర్చు పెట్టే హక్కు పంచాయతీకి ఉన్నాయి. అది పరిమాణంలో చిన్నదే అయినా ఒక ప్రభుత్వమే.

గ్రామ సచివాలయం అంటే ఆఫీసు. 2019 అక్టోబరు 2న మొదలైంది. అందులో పంచాయతీ కార్యదర్శి, వీఆర్వో, ఇంజినీరింగ్ అసిస్టెంటు, డిజిటల్ అసిస్టెంటు, సంక్షేమ, వ్యవసాయ, పశుసంవర్ధక అసిస్టెంట్లు, ఏఎన్ఎం, సర్వేయరు, మహిళా పోలీసు, కరెంటు పని చూసే ఎనర్జీ అసిస్టెంటు కూర్చుంటారు. ఒక్క కప్పు కింద కూర్చున్నా వీళ్లలో ఒక్కొక్కరికి ఒక్కో శాఖ పైఅధికారి. ఏఎన్ఎం సమాధానం చెప్పేది వైద్య శాఖకి, ఎనర్జీ అసిస్టెంటు కరెంటు కంపెనీకి, వీఆర్వో తహసీల్దారుకి. సర్పంచి వీళ్లని అడగొచ్చు, చేయించాలని ఒత్తిడి తేవొచ్చు, కానీ చాలామంది మీద ఆయనకి నేరుగా అజమాయిషీ లేదు.

దీని మీద పెద్ద గొడవే నడిచింది. 2021 మార్చిలో ప్రభుత్వం జీవో 2 అనే ఉత్తర్వు ఇచ్చి సచివాలయాల్లో కొన్ని అధికారాలు వీఆర్వోలకి అప్పగించింది, అదే ఏడాది జూలైలో హైకోర్టు దాన్ని నిలిపేసింది. సర్పంచుల వాదన ఏంటంటే, ఎన్నికైన మమ్మల్ని పక్కన పెట్టి పక్కనే ఇంకో వ్యవస్థ నడుపుతున్నారని. సచివాలయాలని సమర్థించే వాళ్ల వాదన కూడా వినాలి. పెన్షన్, రేషన్ కార్డు, సర్టిఫికెట్ లాంటివి స్థానిక రాజకీయాల చేతిలో ఉంటే అవతలి పార్టీ వాళ్ల ఇంటికి చేరవన్న భయం జనంలో నిజంగానే ఉంది, ఆఫీసు ద్వారా వస్తే ఆ భయం తగ్గుతుందని వాళ్లంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. మా ఊరి ముసలోళ్లని అడిగితే మాత్రం ‘ఎవులిస్తే ఏటి బాబూ, టయానికి ఇస్తే సాలు’ అంటారు.

ఇప్పుడు దీవి ఊరికి తగిలే దెబ్బ చూడండి. సచివాలయం సుమారు 2,000 జనాభాకి ఒకటి అన్న లెక్కన పెట్టారు. రాష్ట్రంలో పంచాయతీలు 13,326, గ్రామ సచివాలయాలు 11 వేల పైచిలుకు. పెద్ద పంచాయతీల్లో రెండు మూడు ఉన్నాయి, చిన్న పంచాయతీలు రెండు మూడు కలిపి ఒక సచివాలయం కింద ఉన్నాయి. ఏటి మధ్య ఊరిలో జనం 1,100 మంది అనుకోండి, దాన్ని గట్టు మీద ఊరితో కలుపుతారు, సచివాలయం సహజంగానే గట్టు మీద పడుతుంది. పంచాయతీ ఆఫీసు ఇటు, కార్యదర్శి కుర్చీ అటు. ఆదాయ ధ్రువపత్రం కోసం పడవెక్కాలి. 2025 జనవరిలో ప్రభుత్వం తెచ్చిన వాట్సాప్ సేవల వల్ల కొన్ని ప్రయాణాలు తగ్గాయి, నిజమే. కానీ వేలిముద్ర, సంతకం, విచారణ ఉన్న ప్రతి పనికీ మనిషి దాటాలి, లేదా ఇటు రావాలి.

ఇక ఊరు విడి పంచాయతీ కూడా కాకుండా గట్టు మీద పంచాయతీకి శివారు గ్రామమైతే కథ ఇంకోలా ఉంటుంది. అప్పుడు దీవికి దక్కేది ఒకటో రెండో వార్డులు, ఓట్లు తక్కువ, గొంతు చిన్నది. విడి పంచాయతీ కావాలనే వాళ్లు ఈ మాటే అంటారు. వద్దనే వాళ్లు, చిన్న పంచాయతీకి వచ్చే డబ్బుతో కార్యదర్శికి కుర్చీ కొనడం కూడా కష్టమంటారు. ఆ మాటలో ఎంత నిజముందో చూడాలంటే లెక్క వేయాలి.

డబ్బు లెక్క: 1,100 మంది ఉన్న ఊరు

కింద అంకెలు లెక్క అర్థం కావడానికి నేను అనుకున్నవి, ఏ ఊరి పద్దూ కాదు. పద్ధతి మాత్రం నిజమైనదే.

పంచాయతీకి వచ్చే డబ్బు ప్రధానంగా రెండు దారుల్లో వస్తుంది. ఒకటి కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు. 2021 నుంచి 2026 మార్చి దాకా నడిచిన 15వ ఆర్థిక సంఘం పద్ధతిలో ఆ గ్రాంటులో 60 శాతం నీళ్లకి, పారిశుధ్యానికి మాత్రమే వాడాల్సి ఉండేది, సగం ఇటు సగం అటు. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకునే వీలుండేది, జీతాలకి మాత్రం కాదు. కింద లెక్క ఆ పద్ధతిలోనే వేస్తున్నాను. రెండోది సొంత ఆదాయం, అంటే ఇంటి పన్ను, కుళాయి రుసుము, చెరువు పాట, సంత పాట లాంటివి.

మనిషికి ఏడాదికి 600 రూపాయల గ్రాంటు వచ్చిందనుకుందాం. 1,100 మందికి 6,60,000. అందులో 60 శాతం, అంటే 3,96,000 నీళ్లకి, చెత్తకి కట్టేసినట్టే. మిగిలింది 2,64,000. ఊళ్లో 320 ఇళ్లు, ఇంటికి సగటున 500 పన్ను, వందకి డెబ్బై మంది కట్టారనుకుంటే 1,12,000. రెండూ కలిపితే సర్పంచి చేతిలో కాస్త స్వేచ్ఛగా ఉండే సొమ్ము 3,76,000.

ఇందులోంచి కరెంటు బిల్లు కట్టాలి. 60 వీధి దీపాలు, ఒక్కోటి 20 వాట్లు, రాత్రి 11 గంటలు వెలిగితే నెలకి 396 యూనిట్లు. ఏడున్నర హార్సు పవరు మోటారు రోజుకి 5 గంటలు తిరిగితే నెలకి 840 యూనిట్లు. యూనిట్ 7 రూపాయల లెక్కన ఏడాదికి రెండూ కలిపి 1,03,824. మిగిలింది 2,72,176.

ఈ మిగులుతో ఒక సిమెంటు రోడ్డు వేద్దాం. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం, అంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. ఘనపు మీటరు 6,500 అనుకున్నా 2,92,500 అవుతుంది. ఏడాదంతా వేరే ఖర్చేదీ పెట్టకుండా దాచినా వంద మీటర్ల రోడ్డు పూర్తి కాదు. అందుకే ఊళ్లలో రోడ్లు ఎక్కువగా ఉపాధి హామీ మెటీరియల్ (సామాను) వాటాలోంచి వస్తూ వచ్చాయి. 2005 చట్టం కింద ఆ పథకంలో కూలికి 60, మెటీరియల్‌కి 40 నిష్పత్తి. కూలి పనులు ఎంత జరిగితే మెటీరియల్ డబ్బు అంత పుడుతుందన్నమాట. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో అన్ని పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టింది ఈ పనుల తీర్మానాల కోసమే.

ఎండాకాలంలో కూడా నీళ్లు తగ్గని దీవి సంగతి ఇంకా చెప్పలేదు. ఆ 45 ఘనపు మీటర్లకి సుమారు 360 బస్తాల సిమెంటు కావాలి, అంటే 18 టన్నులు. పిక్క, అంటే కంకర, 57 టన్నుల దాకా. టన్ను బరువు మోసే నావ మీద సిమెంటుకి 18 ట్రిప్పులు, పిక్కకి 57 ట్రిప్పులు, వెరసి 75. ఇసక ఒక్కటే ఊళ్లో దొరుకుతుంది. ఎస్టిమేటులో సామాను మోత ఖర్చుని ఇంజినీర్లు ‘లీడ్’ అంటారు, క్వారీ నుంచి పని చోటికి ఎన్ని కిలోమీటర్లో చూసి వేస్తారు. లారీ దూరమైతే లెక్కలోకి వస్తుంది. లారీ నుంచి దించి, గట్టు దించి, నావలో వేసి, మళ్లీ దించి, మళ్లీ ట్రాక్టరుకి ఎక్కించే కూలి ఉందే, అది అడిగి రాయించుకుంటే తప్ప కాగితం మీద పడదు. పడకపోతే పని మంజూరవుతుంది గానీ చేయడానికి ఎవరూ ముందుకు రారు. మూడేళ్లు మంజూరై ఉన్న పని మొదలే కాకపోతే ఊళ్లో అందరూ ‘సర్పంచి తినేశాడు’ అనుకుంటారు. తినడానికి అక్కడ డబ్బు విడుదలే అయి ఉండదు.

ఇలా అంటే అవినీతి లేదని చెబుతున్నట్టు కాదు. పంచాయతీ ఖర్చులు 2020 నుంచి ఈ-గ్రామ్ స్వరాజ్ అనే కేంద్ర పోర్టల్‌లో ఎవరైనా చూడొచ్చు, ఏ పనికి ఎంత చెల్లించారో ఉంటుంది. అనుమానం ఉన్నప్పుడు రచ్చబండ కంటే అది నయం.

వెలగని దీపం, రాని నీళ్లు

స్తంభం, తీగ, ట్రాన్స్‌ఫార్మరు కరెంటు కంపెనీవి. మనకి తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. ఆ స్తంభం మీద బల్బు, దాని స్విచ్చి, దాని బిల్లు పంచాయతీవి. కాబట్టి ఒక్క దీపం వెలగకపోతే అది పంచాయతీ, వీధంతా చీకటైతే అది కంపెనీ. ఇంత చిన్న విషయానికి మా ఊళ్లో ఒకసారి పదిహేను రోజులు ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ పోయారు.

బిల్లు విషయంలో ఇంకో పెద్ద వివాదం ఉంది. కొన్నేళ్ల కిందట పంచాయతీలకి వచ్చిన ఆర్థిక సంఘం నిధుల్ని పాత కరెంటు బకాయిల కింద ప్రభుత్వమే సర్దుబాటు చేసేసింది. మమ్మల్ని అడగకుండా మా ఖాతా ఖాళీ చేశారని సర్పంచులు ధర్నాలు చేశారు. బాకీ నిజమే కదా, ఏళ్లుగా కట్టకపోతే కంపెనీ ఎలా నడుస్తుంది అన్నది ప్రభుత్వం వైపు మాట. బాకీ ఉందన్న మాటని సర్పంచులు కాదనలేదు. ఎవరి డబ్బు ఎవరి తీర్మానంతో ఖర్చవ్వాలన్న దగ్గరే తగువు, అది ఈ రోజుకీ పూర్తిగా తేలలేదు.

నీళ్ల దగ్గర లెక్క ఇంకా మెలికగా ఉంటుంది. 2019లో ప్రకటించిన జల్ జీవన్ మిషన్ ప్రకారం మనిషికి రోజుకి 55 లీటర్లు. 1,100 మందికి 60,500 లీటర్లు. ట్యాంకు, పైపులైను వేసేది గ్రామీణ నీటి సరఫరా శాఖ, వేశాక ఒక్క ఊరి పథకమైతే నడిపేది పంచాయతీ. అనేక ఊళ్లకి కలిపి వచ్చే పెద్ద పథకమైతే నడిపేది వేరే వాళ్లు. దీవికి రెండు దారులు. ఊళ్లోనే బోరు వేయడం, లేదా గట్టు నుంచి ఏటి అడుగున పైపు తేవడం. బోరు చవక, పంచాయతీ చేతిలో ఉంటుంది, కానీ వరద నీళ్లు బోరు గట్టు మీదకెక్కితే తర్వాత బ్లీచింగు వేసి, క్లోరిన్ పరీక్ష చేయకుండా తాగకూడదు. పైపు శుభ్రమైన నీళ్లు తెస్తుంది, ఏటి కోతకి ఒక్కసారి తెగిందంటే బాగుచేయడం పంచాయతీ తరం కాదు. మా ఊళ్లో రెండూ ఉండాలని అడుగుతున్నాం. ఇది అత్యాశ అనే వాళ్లున్నారు. వరద వచ్చిన రెండో రోజు చుట్టూ నీళ్లే ఉండి బిందె ఖాళీగా ఉంటే ఎలా ఉంటుందో చూసిన వాళ్లు ఆ మాట అనరు.

పడవ: రాజ్యాంగంలో ఉంది, పద్దులో లేదు

రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీలకి ఇవ్వదగ్గ 29 అంశాలున్నాయి. 13వది రోడ్లు, కల్వర్టులు, వంతెనలు, రేవులు, జలమార్గాలు. అది చూసి ‘వంతెన పంచాయతీ బాధ్యతేనట, రాజ్యాంగంలో ఉందట’ అని వాదించే వాళ్లని చాలామందిని చూశాను. 243జీ అధికరణం చెప్పేది, రాష్ట్ర శాసనసభ చట్టం ద్వారా ఈ అధికారాలు పంచాయతీలకి ఇవ్వవచ్చు అని. ఇవ్వవచ్చు అనడం వేరు, ఇచ్చారనడం వేరు. ఎంత ఇచ్చారు, దానితో పాటు డబ్బు, మనుషులు ఇచ్చారా అన్నది రాష్ట్రం ఇష్టం. జాబితాలో పేరుండి చేతిలో ఏమీ లేని అంశాలు ఆ 29లో చాలా ఉన్నాయి.

రేవు నడపడానికి మన వైపు పాత పద్ధతి పాట. ఏడాదికి రేవు హక్కు వేలం వేస్తారు, పాడుకున్న వాళ్లు మనిషికింత, సైకిలుకింత అని తీసుకుని నడుపుతారు. జనం ఎక్కువ దాటే రేవు అయితే పాట బాగా పలుకుతుంది. మాలాంటి చిన్న రేవులో పాడేవాడే ఉండడు. అక్కడ నడిచేది ఊరి సరంగు మాట మీద. పంట చేతికొచ్చాక ఇంటికి ఇన్ని కుంచాల ధాన్యం, దానికి ఏడాదంతా దాటించడం. కాగితం లేదు, రసీదు లేదు. ఇప్పుడు ధాన్యం బదులు డబ్బు ఇస్తున్నారు గానీ లెక్క అదే.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగి ఎంతోమంది పోయాక పడవల మీద నిఘా పెరిగింది. రిజిస్ట్రేషన్, ఫిట్‌నెస్, లైఫ్ జాకెట్లు, మోయగల మనుషుల సంఖ్య. ఇది తప్పనలేం. ఒక తల్లిగా ఆలోచిస్తే బడికెళ్లే పిల్లలు ఇరవై మంది ఒకే నావలో జాకెట్ లేకుండా దాటుతుంటే గుండె గొంతులోకి వస్తుంది. సరంగు వైపు నుంచి చూస్తే, ఆయనకి ఏడాదంతా వచ్చేదే అంతంత మాత్రం, అందులో ఇరవై జాకెట్లు ఎవరు కొంటారు, నావ అనుమతి కోసం ఆఫీసుల చుట్టూ ఎన్ని రోజులు తిరుగుతారు, ఆ రోజుల్లో రేవు ఎవరు నడుపుతారు? నిబంధన గట్టిగా అమలు చేస్తే నావ ఆగిపోతుంది, వదిలేస్తే ప్రాణం మీదకొస్తుంది. మధ్యలో ఒక దారి ఉంది, జాకెట్లు పంచాయతీ కొనడం. గ్రాంటులో ఊరి అవసరానికి వదిలిన వాటాలోంచి అది పెద్ద ఖర్చు కాదు. దానికి కావాల్సింది గ్రామసభ తీర్మానం, వార్షిక ప్రణాళికలో ఒక వరుస.

బడి, ఆసుపత్రి: మ్యాపులో దూరం, కాళ్ల కింద దూరం

బడులకి దూరం నిబంధన ఉంది. విద్యాహక్కు నియమాల ప్రకారం ప్రాథమిక బడి కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత బడి 3 కిలోమీటర్ల లోపు. పిల్లలు తక్కువైన బడుల్ని పక్క బడితో కలిపేటప్పుడు ఈ దూరమే చూస్తారు. ఏటి అవతల బడి మ్యాపు మీద 700 మీటర్లే. వంతెన మీదుగా చుట్టి వెళ్తే 14 కిలోమీటర్లు కావొచ్చు. కాగితం మీద 700 మీటర్లు నిబంధన లోపలే.

చట్టం ఇది ఆలోచించలేదని కాదు. 2010 నాటి కేంద్ర నియమాల్లోనే స్పష్టంగా ఉంది, వరదలు, దారి లేకపోవడం, చిన్న పిల్లలకి ప్రమాదం ఉన్న చోట ఆ దూరాన్ని తగ్గించి బడి పెట్టాలని. కానీ ఆ వాక్యం తనంతట తాను పనిచేయదు, ఫలానా ఊరు అలాంటిదే అని ఎవరో ఒకరు కాగితం మీద పెట్టాలి. బడుల విలీనాన్ని సమర్థించే ఉపాధ్యాయులు చెప్పేది కూడా తీసిపారేసేది కాదు. పన్నెండు మంది పిల్లలు, అయిదు తరగతులు, ఒక్క టీచరు ఉన్న బడిలో చదువు ఎంత సాగుతుంది? గట్టు మీద బడిలో తరగతికో టీచరు ఉంటారు. తల్లులు కోరుకునేది ఆ చదువే. వాళ్ల భయం నావ గురించే.

ఆసుపత్రి లెక్కలో ఆరోగ్య ఉపకేంద్రం మైదానంలో 5,000 జనాభాకి ఒకటి, కొండ, గిరిజన, చేరుకోవడం కష్టమైన ప్రాంతాల్లో 3,000కి ఒకటి. నదీ దీవికి విడిగా అంకె ఏదీ లేదు. కొండ మీద ఊరికి రాయితీ ఉంది, నీళ్ల మధ్య ఊరిని కష్టమైన ప్రాంతంగా గుర్తించకపోతే దానికి మైదానం లెక్కే. అందుకే వానాకాలంలో నెలలు నిండిన వాళ్లని ముందే గట్టు మీద చుట్టాలింటికి పంపేయడం మా దగ్గర మామూలు. అంగన్‌వాడీ అక్క, ఆశా కార్యకర్త కలిసి జూన్‌లోనే ఒక నోట్‌బుక్కులో పేర్లు రాస్తారు. ఎవరికి ఏ నెల, గట్టు మీద ఎవరింట్లో ఉంటారు, వాళ్ల ఫోన్ నంబరు. ఏ పథకంలోనూ లేని ఆ నోట్‌బుక్కు వల్ల ఎన్ని కాన్పులు క్షేమంగా జరిగాయో మా ఊరోళ్లకి తెలుసు.

వంతెన మీద నాలుగు వాదనలు

వంతెన కట్టడం పంచాయతీ వల్ల అయ్యే పని కాదు. పై లెక్క చూశాక ఇది వేరే చెప్పక్కర్లేదు. కట్టేది పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగం గానీ రోడ్లు భవనాల శాఖ గానీ, డబ్బు రాష్ట్ర బడ్జెట్, నాబార్డు రుణం, కేంద్ర పథకం ఏదో ఒకటి. మంజూరైనా ఆలస్యం ఎంత ఉంటుందో తెలియాలంటే కొమరాడ మండలంలో నాగావళి మీద పూర్ణపాడు–లాబేసు వంతెన సంగతి చాలు. ఏళ్ల తరబడి స్తంభాల దగ్గరే ఆగి, ఏటి అవతలి పంచాయతీల జనాన్ని ఎదురుచూపుల్లో పెట్టింది. ఆ మండలం 2022 ఏప్రిల్ 4 దాకా విజయనగరం జిల్లా, ఆ రోజు నుంచి పార్వతీపురం మన్యం. జిల్లా మారితే ఫైలు కూడా కొత్త ఆఫీసులో కొత్త వాళ్ల ముందుకి పోతుంది, ఇదొక ఆలస్యం.

ఊరోళ్ల మాట: మనిషి ప్రాణానికి జనాభా లెక్కేంటి? ఆర్థిక శాఖ వైపు మాట: అదే డబ్బుతో పదివేల మందికి ఉపయోగపడే రోడ్డు వేయొచ్చు, 1,100 మందికి వంతెన ముందు ఎలా వస్తుంది? ఇంజినీర్ల మాట: మన ఏళ్లు వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ, పాయ ఏటేటా జరుగుతుంది, పునాది లోతుకి పోవాలి, రెండు వైపులా అప్రోచ్ రోడ్డుకి భూమి కావాలి, అది దొరక్కే సగం వంతెనలు గాల్లో నిలబడతాయి. వీళ్లు తరచూ చెప్పే మధ్య దారి కాజ్‌వే, అంటే తక్కువ ఎత్తు వంతెన. ఏడాదిలో ఎనిమిది తొమ్మిది నెలలు పనికొస్తుంది, వరదలో మునుగుతుంది. మునిగినప్పుడు దాటబోయి కొట్టుకుపోయిన వాళ్ల కథలు మన వైపు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. కాబట్టి కాజ్‌వే వచ్చాక నావ మానేస్తే అసలు అవసరమైన మూడు నాలుగు నెలలూ ఊరు ఇంకా ఒంటరి అవుతుంది.

నాలుగో వాదన ఊరు ఎత్తేసి గట్టు మీదకి రమ్మనడం. ఇది మాట వరసకి అనేది కాదు, వరద వచ్చిన ప్రతిసారీ అధికారుల నోట వస్తుంది. ఇళ్ల స్థలాలు ఇస్తాం, కాలనీ కడతాం అంటారు. కుర్రాళ్లలో కొందరికి ఇష్టమే, చదువులకి, పెళ్లి సంబంధాలకి. భూమి ఉన్న పెద్దోళ్లకి ఇష్టం లేదు. లంక మట్టిలో వరద తెచ్చిన ఒండ్రు వల్ల కూరగాయలు ఎలా పండుతాయో చూసిన వాళ్లు ఆ మట్టి వదలరు. పైగా వంశధార రిజర్వాయరు కోసం హిరమండలం వైపు ఊళ్లు ఖాళీ చేసిన వాళ్ల పరిహారం తగువులు ఏళ్లు సాగడం అందరూ చూశారు. ఇల్లు గట్టు మీద, పొలం ఏటి మధ్యలో అయితే నావ అవసరం అప్పుడు కూడా పోదు, బడికెళ్లే పిల్లల బదులు పొలానికెళ్లే వాళ్లు ఎక్కుతారంతే.

ఈ నాలుగు వాదనలూ విన్నాక నన్నడిగితే ముందు సురక్షితమైన నావ, తర్వాత వంతెన అంటాను. వంతెన అక్కర్లేదని కాదు, వచ్చేదాకా పదేళ్లు మనుషులు దాటుతూనే ఉండాలి కాబట్టి.

తీర్మానం పుస్తకంలో ఏం రాస్తారు

వంతెన కట్టలేని, పెన్షన్ ఇవ్వలేని, బడి పెట్టలేని పంచాయతీకి గ్రామసభ ఎందుకు అని ఒకరు నన్నడిగారు. గ్రామసభ అంటే ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషీ సభ్యుడే, వార్డు సభ్యులు మాత్రమే కాదు. పై శాఖలన్నీ పనిచేసేది కాగితం మీద, దీవి ఊరి కష్టం కాగితం మీదకి ఎక్కే మొదటి చోటు ఇదే. అధికారులు అర్జీలు తీసుకునే సోమవారం గ్రీవెన్స్‌లో ఒక మనిషి ఇచ్చిన అర్జీకి, సభ తీర్మానం నకలు జతచేసిన అర్జీకి తేడా ఉంటుంది. సభ తీర్మానిస్తే పై అధికారి చేసి తీరాలని లేదు, ఆ మాట కూడా చెప్పాలి. కానీ రాత ఉంటే ‘మాకు తెలీదు’ అనడానికి ఉండదు.

రాసే తీరులోనే చాలా ఉంది. మా ఊరి తీర్మానం పుస్తకం ఒకసారి తిరగేశాను. నీలం అట్ట, మూలలు ఉబ్బిపోయి, ఒక వరదలో తడిసిన పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. అయిదారేళ్ల పాటు ప్రతి సభలోనూ ఒకే వాక్యం: ‘గ్రామానికి వంతెన మంజూరు చేయవలసిందిగా కోరడమైనది.’ అంతే. ఎంత దూరం, ఎంతమంది, ఏడాదిలో ఎన్ని రోజులు దారి తెగుతుందో ఎక్కడా లేదు. కిందటి సభలో మాత్రం ఇంటర్ చదివే ఒక పిల్ల లేచి, కార్యదర్శి గారూ ఇది కూడా రాయండి అని తన ఫోన్లోంచి చదివింది. జూలై నుంచి నవంబరు దాకా నావ దిగని రోజులు ఎన్నో ఆమె తేదీలతో సహా రాసుకుంది, మొత్తం 23. బడికి ఏటి మీదుగా ఎంత, రోడ్డు మీదుగా ఎంత అన్నది కూడా. కార్యదర్శి ఒక్క నిమిషం ఆగి, కొత్త పేజీ తిప్పి, నెమ్మదిగా తేదీలన్నీ ఎక్కించారు. కింద సంతకాలు, వేలిముద్రలు పెట్టడానికి ఆ రోజు ఇంకో పేజీ కావాల్సి వచ్చింది.